పారిస్–రూబే గెలుపు: కాళ్ల బలమా, టైరు అదృష్టమా?

బెజవాడ_పెడల్
అందరికీ నమస్కారం. నేను పొద్దున్నే ప్రకాశం బ్యారేజీ దాటి ఉండవల్లి వైపు తొక్కేవాణ్ణి. టూర్ డి ఫ్రాన్స్ ఐదారేళ్లుగా చూస్తున్నా గానీ ఒక్కరోజు రేసుల జోలికి పెద్దగా పోలేదు. ఈ నెల సెలవుల్లో, ఉత్తర ఫ్రాన్స్‌లో రాళ్లు పరిచిన పాత దారుల మీద జరిగే పారిస్–రూబే పాత రేసులు వరసబెట్టి చూశాను, 2023 దగ్గరికి వచ్చేసరికి మనసు పాడైపోయింది. 240 కిలోమీటర్లు తొక్కి, ఇంక పదిహేనో పదహారో మిగిలాయనగా కార్ఫూర్ ద లార్బ్ర్ అనే రాళ్ల దారి మీద డేగెన్‌కోల్బ్ పడిపోయాడు, వాన్ ఆర్ట్, వాన్ డెర్ పూల్ ఇద్దరూ అందర్నీ వదిలించుకున్నారు, సరిగ్గా అప్పుడే వాన్ ఆర్ట్ టైరులో గాలి పోయింది. అంతే, రేసు అక్కడే అయిపోయింది. వాన్ డెర్ పూల్ ఒక్కడే వెళ్లి గెలిచాడు, వాన్ ఆర్ట్‌కి మూడో స్థానం.

నా బాధ ఏంటంటే, ఏడాదంతా దీనికోసమే తయారైన మనిషి ఒక రాయి అంచు తగిలి ఓడిపోతే, గెలిచినవాణ్ణి గొప్పవాడు అనాలా, అదృష్టవంతుడు అనాలా? ఇది లాటరీ కాదా? ఈ రేసు తెలిసినవాళ్లు చెప్పండి.

చైన్‌రింగ్53
మీ బాధ అర్థమైంది అన్నా, ఆ రోజు నేనూ టీవీ ముందు నుంచి లేచి బయటికి వెళ్లిపోయా. కానీ దీన్ని లాటరీ అంటే మాత్రం ఒప్పుకోను.

లాటరీ అయితే ఒకే మనిషికి నాలుగుసార్లు తగలదు. డి వ్లామింక్ 1972, 1974, 1975, 1977లో గెలిచాడు. బూనెన్ 2005, 2008, 2009, 2012. మోజర్ 1978 నుంచి వరసగా మూడు. మెర్క్స్, మ్యూసియూ, కాన్సెలారా తలా మూడు. వాన్ డెర్ పూల్ 2023, 2024, 2025 మూడూ వరసగా కొట్టాడు. పంక్చర్ అందరికీ అవుతుంది, వీళ్లకీ అయింది. 2025లో వాన్ డెర్ పూల్‌కి చివర్లో పంక్చర్ అయ్యి సైకిల్ మార్చుకున్నాడు, అయినా గెలిచాడు, ఎందుకంటే అప్పటికే వెనకవాడికి అందనంత ముందున్నాడు. టైరు పోయినా నష్టం లేనంత దూరం ముందే సంపాదించుకోవడం కూడా ఈ రేసులో ఒక పని. ఆ సంవత్సరం పొగాచార్ మొదటిసారి వచ్చి రెండో స్థానం తెచ్చుకున్నాడు, అతను వెనకబడింది పంక్చర్ వల్ల కాదు, 38 కిలోమీటర్లు ఉండగా ఒక మలుపులో వేగం అంచనా తప్పి రోడ్డు దాటిపోయాడు. అది అదృష్టం కాదు కదా.

బెజవాడ_పెడల్
మీరు చెప్పినవి అందరికీ తెలిసిన పెద్ద పేర్లు. మరి 2016లో హేమన్? బూనెన్ ఐదోసారి గెలిచి చరిత్ర సృష్టించేస్తాడని అందరూ కూర్చుంటే, ఎవరూ లెక్కలో పెట్టుకోని మనిషి రేసు ముగిసే వెలోడ్రోమ్ ట్రాక్ మీద స్ప్రింట్‌లో ఓడించేశాడు.

పాతటైరు
హేమన్ గురించి ఒక్క మాట అన్నా ఊరుకోను. ఆ రేసుకి ఆరు వారాల ముందు చెయ్యి విరిగింది. బయట తొక్కలేక ఇంట్లో ట్రైనర్ స్టాండు మీద సైకిల్ బిగించి గంటలకొద్దీ తొక్కాడు. 37 ఏళ్ల మనిషి, ఏళ్ల తరబడి ప్రతి ఏప్రిల్‌లోనూ ఆ రాళ్ల మీదికి వచ్చినవాడు. ముందుగా వెళ్లిన గుంపులో చేరాడు, పెద్దవాళ్లు వచ్చి కలిసినా వదిలిపోలేదు, ఒకసారి వెనకబడి మళ్లీ అందుకున్నాడు. గీత దాటాక తనే నమ్మలేకపోయాడు, ఆ ముఖం చూడండి. ఏ రాయి ఎక్కడుందో కాళ్లకు తెలిసినవాడు గెలిచాడు. నా దృష్టిలో ఈ రేసు పూర్తి విలువ ఏంటో చూపించింది ఆ రోజే.

ఇంక రాళ్ల మీద తొక్కడం గురించి. కొత్తగా చూసేవాళ్లకి అందరూ ఒకేలా ఎగిరెగిరి పడుతున్నట్టే కనిపిస్తుంది. నిజానికి చాలా తేడా ఉంది. దారి మధ్యలో వీపులా ఎత్తుగా ఉంటుంది, అక్కడ రాళ్లు కాస్త నయం, రెండు పక్కలకీ వాలి ఉంటుంది, అంచుల్లో మట్టి, గుంటలు, చెకుముకి ముక్కలు. మంచి రైడర్ వీపు మీదే పోతాడు, కానీ అందరికీ వీపే కావాలి, అక్కడ ఒకరికే చోటు. అందుకని రాళ్లు రావడానికి ఐదు కిలోమీటర్ల ముందే తారు రోడ్డు మీద స్ప్రింట్ లాంటి పోరు జరుగుతుంది, ముందు పది మందిలో ఉన్నవాడికి దారి కనిపిస్తుంది, యాభయ్యో వాడికి ముందున్నవాడి వీపూ దుమ్మూ తప్ప ఏమీ కనిపించవు, వాడికి పంక్చర్ అయితే మనం దురదృష్టం అంటాం. హ్యాండిల్ గట్టిగా పట్టుకోకూడదు, వదులుగా పట్టుకోవాలి, పెద్ద గేరు వేసి బరువంతా పెడల్ మీద పెట్టాలి, వేగం తగ్గితే రాళ్లు ఇంకా ఎక్కువ కొడతాయి. భయపడి నెమ్మదించినవాడికే దెబ్బ ఎక్కువ.

టైర్ల సంగతి వేరే. గాలి ఎక్కువ పెడితే చక్రం రాయి రాయికీ ఎగిరిపడి పట్టు ఉండదు, తక్కువ పెడితే రిమ్ నేరుగా రాయికి కొట్టుకుంటుంది. ఈ రెండింటి మధ్య సన్నని గీత కోసం మెకానిక్‌లు వారం ముందే వచ్చి చూసుకుంటారు. ఇప్పుడు 32 మిల్లీమీటర్ల ట్యూబ్‌లెస్ మామూలైపోయింది. నేను చూడటం మొదలుపెట్టినప్పుడు అంటించే ట్యూబులర్లే, ఇంత వెడల్పు టైరు పెడితే నవ్వేవాళ్లు. 1992, 1993లో ద్యుక్లో-లసాల్ ముందు ఫోర్కుకి సస్పెన్షన్ పెట్టుకుని గెలిచాడు తెలుసా, మౌంటెన్ బైక్‌కి ఉండేలాంటిది. అతను 1980లో రెండోవాడు, మొదటి గెలుపు 1992లో, పన్నెండేళ్ల తర్వాత. 1993లో 38 ఏళ్ల వయసులో ఫోటో ఫినిష్‌లో బాలెరినిని కొన్ని సెంటీమీటర్లతో ఓడించాడు. బాలెరిని గెలిచాననుకుని సంబరం కూడా చేసుకున్నాడు పాపం. కానీ 1995లో, 1998లో వచ్చి గెలిచాడు. ఓడినవాడు మళ్లీ మళ్లీ రావడమే ఈ రేసు.

ఆంట్వెర్ప్_నుంచి
పాతటైరు గారు చెప్పిన ‘వదులుగా పట్టుకోవాలి’ అన్న మాట నేను చేతులతో తెలుసుకున్నాను కాబట్టి రాస్తున్నా.

నేను గుంటూరు దగ్గరివాణ్ణి, ఉద్యోగం మీద బెల్జియం వచ్చి నాలుగేళ్లు. ఆదివారం అసలు రేసు అయితే, శనివారం నిర్వాహకులే మామూలు జనం కోసం పారిస్–రూబే చాలెంజ్ అని పెడతారు. మూడు దూరాలు ఉంటాయి, నేను అన్నిటికన్నా చిన్నది, 70 కిలోమీటర్లది, తీసుకున్నా. వారానికి 200 తొక్కేవాణ్ణి కదా, డెబ్భై ఎంత అనుకున్నా.

మొదటి సెక్టార్‌లో, అంటే రాళ్ల దారి ముక్కలో, అడుగుపెట్టిన పది సెకన్లలో నీళ్ల బాటిల్ ఎగిరి పడిపోయింది. రెండో బాటిల్ ఇంకో నిమిషానికి పోయింది. పక్కన చూస్తే రోడ్డంతా బాటిళ్లు, పంపులు, లైట్లు, ఎవరిదో ఫోను. కళ్లలో గుడ్లు కదులుతున్నట్టు ఉండి ముందు రాయి ఏదో వెనక రాయి ఏదో తెలియదు. మన ఊళ్లో గతుకుల రోడ్డు మీద తొక్కాం కదా అనుకోకండి, గుంట ఒకటి వస్తుంది పోతుంది, ఇక్కడ రెండు కిలోమీటర్లు ఒక్క క్షణం కూడా ఆగదు. నేను భయంతో హ్యాండిల్ బిగించి పట్టుకున్నా, మూడో సెక్టార్‌కి అరచేతులు బొబ్బలెక్కాయి, ఐదో సెక్టార్‌కి అవి చితికాయి. కార్ఫూర్ ద లార్బ్ర్‌లో ఒక డెబ్భై ఏళ్ల పెద్దాయన నన్ను దాటుకుని పోయాడు, చేతులు హ్యాండిల్ పైన ఊరికే ఆనించి, వీణ మీద వేళ్లు పెట్టినట్టు. అప్పుడు అర్థమైంది ఇది నేర్చుకోవాల్సిన విద్య అని.

ఇంటికి వచ్చాక చొక్కా బొత్తాలు విప్పడానికి వేళ్లు వంగలేదు, మా ఆవిడ విప్పింది. రెండ్రోజులు అన్నం స్పూనుతో తిన్నా. మరి అసలు రేసువాళ్లు 257, 260 కిలోమీటర్లు, అందులో రాళ్లే 55, మొదటి వంద కిలోమీటర్లు రాళ్లే లేకుండా గడిచాక మొదలై ముప్ఫై దాకా సెక్టార్లు, గంటకి 47 కిలోమీటర్ల సగటుతో. 2024లో వాన్ డెర్ పూల్ సగటు 47.8. ఆ అంకె టీవీలో చూస్తే ఏమీ అనిపించేది కాదు, ఇప్పుడు చూస్తే ఒళ్లు జలదరిస్తుంది.

గోదావరిఖని_రైడర్
ఇన్ని మాటలు వచ్చాయి గానీ ఆరెన్‌బర్గ్ అడవి దారి గురించి ఎవరూ రాయలేదు, అందుకే నేను రాస్తున్నా, కాస్త పొడుగవుతుంది.

మా నాయన సింగరేణిలో అండర్‌గ్రౌండ్ కార్మికుడు, ఇప్పుడు రిటైర్ అయ్యాడు. నేను ఈ రేసు చూడటం మొదలుపెట్టింది ఆరెన్‌బర్గ్ వల్లే. ఆ అడవి మధ్య నుంచి గీత గీసినట్టు పోయే రాళ్ల దారి, రెండు కిలోమీటర్లు దాటుతుంది, దాని పక్కనే బొగ్గుబాయి. 1960లలో ఫ్రాన్స్‌లో ఊరూరా రాళ్ల రోడ్ల మీద తారు పోసేస్తున్నారు, రాళ్ల దారి ఉందంటే ఊరికి నామోషీ అనుకునే కాలం. ఇలాగే పోతే ఈ రేసుకి రాళ్లే మిగలవని నిర్వాహకులు కొత్త దారులు వెతుకుతుంటే జాన్ స్టాబ్లిన్‌స్కీ ఆరెన్‌బర్గ్ దారి చూపించాడు. 1968లో అది మొదటిసారి రేసులోకి వచ్చింది.

స్టాబ్లిన్‌స్కీ ఎవరంటే, పోలండ్ నుంచి బొగ్గుబాయి పనికి వలస వచ్చిన కుటుంబంలో పుట్టినవాడు. చిన్నతనంలోనే తండ్రి పోతే తనూ బాయి దిగాడు. తర్వాత సైకిల్ ఎక్కి 1962లో ప్రపంచ చాంపియన్ అయ్యాడు, నాలుగుసార్లు ఫ్రాన్స్ చాంపియన్. ఏ దారి కింద భూమిలో బొగ్గు తవ్వాడో ఆ దారినే రేసుకి ఇచ్చాడు. ఆ బాయి 1989లో మూతపడింది. బొగ్గు లేదు, పని లేదు, కానీ ఏటా ఏప్రిల్‌లో ఒక ఆదివారం ప్రపంచమంతా ఆ దారి వైపు చూస్తుంది.

ఈ కథ మా నాయనకి చెబితే కాసేపు ఏమీ అనలేదు, తర్వాత ‘మన బాయిల మీద కూడా ఏదో ఒకటి మిగలాలె’ అన్నాడు. ఇల్లందులో మొదలైన బాయిలు ఎన్ని మూతపడ్డాయో ఆయనకి తెలుసు.

ఇంకొకటి, ఈ రేసుకి ‘ఉత్తరాది నరకం’ అనే పేరు రాళ్ల వల్ల వచ్చిందని చాలామంది రాస్తారు, అది తప్పు. మొదటి ప్రపంచయుద్ధం అయిపోయాక 1919లో రేసు మళ్లీ పెట్టాలని దారి చూడ్డానికి వెళ్లినవాళ్లకి ఊళ్లు లేవు, చెట్లు లేవు, ఫిరంగి గుంటలు, బురద, శవాల వాసన. అది చూసి పెట్టిన పేరు అది.

ఓఆర్ఆర్_ఉదయం
అన్నీ బాగున్నాయి, కానీ ఒక్క విషయం నిజాయితీగా మాట్లాడుకుందాం. నేను హైదరాబాద్‌లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ పలకల కింద ఉన్న ట్రాక్ మీద పిల్లలకి సైకిల్ నేర్పుతాను. వాళ్లకి ఈ రేసు చూపించాలంటే నాకు భయం.

1998లో మ్యూసియూ ఆరెన్‌బర్గ్‌లో పడి మోకాలి చిప్ప విరిగింది, గాయంలో ఇన్‌ఫెక్షన్ ముదిరి కాలు తీసేయాల్సి వస్తుందేమో అనేదాకా వెళ్లింది. 2001లో గొమాన్‌కి తొడ ఎముక విరిగింది. గుంపు ఆ అడవిలోకి గంటకి 60 కిలోమీటర్ల వేగంతో దూరుతుంది, తడిసిన రాళ్ల మీద అది రేసా, ప్రాణాలతో ఆటా? 2024లో రైడర్ల సంఘం అడిగితే అడవి ముందు గట్టి మలుపు పెట్టి వేగం తగ్గించారు, దానికి కూడా సగంమంది అభిమానులు గొడవ చేశారు. మన వినోదం కోసం ఇంకొకడి తొడ ఎముకా?

చైన్‌రింగ్53
> దానికి కూడా సగంమంది అభిమానులు గొడవ చేశారు

గొడవ చేసినవాళ్లలో నేనూ ఉన్నాను కాబట్టి జవాబు చెప్పాలి. నాకు అభ్యంతరం వేగం తగ్గించడం మీద కాదు, అంత ఇరుకు మలుపులో నూట డెబ్భై మందిని దూర్చితే అక్కడే పడతారని. ఆ రోజు అలా పడలేదు, నేను అనుకున్నదే తప్పు. రైడర్లు అడిగితే ఇవ్వాల్సిందే, తొక్కేది వాళ్లు.

కానీ మ్యూసియూ సంగతి పూర్తిగా చెప్పండి. 2000లో అదే మనిషి వచ్చి గెలిచాడు, గీత దాటేటప్పుడు ఆ కాలు పైకెత్తి మోకాలు చూపించాడు. మళ్లీ 2002లో గెలిచాడు. ఎవరూ బలవంతం చేయలేదు.

ఓఆర్ఆర్_ఉదయం
తిరిగి వచ్చినవాళ్ల పేర్లే మనం గుర్తుపెట్టుకుంటాం. రానివాళ్లు కూడా ఉన్నారు. నేను రేసు ఆపమనట్లేదు, అడవి ముందు ఆ మలుపు ఉండాలంటున్నా.

లీల్_తెలుగమ్మాయి
నేను లీల్‌లో చదువుతున్నా, రూబే మెట్రోలో వెళ్లిపోయేంత దగ్గర. ఇంతసేపు మీ అందరి మాటలు చదివాను, ఒక్కరు కూడా మహిళల రేసు గురించి రాయలేదు, అది నాకు కష్టంగా ఉంది.

మగవాళ్ల రేసు 1896లో మొదలైంది. ఆడవాళ్లకి మొదటిసారి పెట్టింది 2021 అక్టోబర్ 2న. 125 ఏళ్లు! ఆ రోజు వాన, బురద. లిజీ డైగ్నన్ మొదటి రాళ్ల సెక్టార్ రాకముందే ముందుకు వెళ్లి 80 కిలోమీటర్లకు పైగా ఒక్కతే తొక్కి గెలిచింది, గ్లోవ్స్ లేవు, చివరికి హ్యాండిల్ టేపు నిండా రక్తం. అంత చేసినావిడకి మొదటి బహుమతి 1,535 యూరోలు, మర్నాడు మగవాళ్ల విజేతకి 30,000. తర్వాత 2023లో ఆలిసన్ జాక్సన్ మొదట్లోనే ముందుకు వెళ్లిన గుంపుతో చివరిదాకా నిలబడి గెలిచింది, 2025లో ఫెరాన్-ప్రెవో మొదటిసారి దిగి గెలిచింది. లాటరీనా కాదా అని అడిగారు కదా, డైగ్నన్ రేసు చూడండి. జట్టు నాయకులకి అండగా మొదటి రాళ్ల దగ్గర ముందుండాలని వెళ్లింది, వెనక్కి చూస్తే ఎవరూ లేరు, ఇంక ఆగలేదు. రాళ్ల మీద ముందు ఎవరూ లేకపోతే పడగొట్టేవాళ్లూ ఉండరు.

దారుల గురించి ఒకటి చెప్తాను. ‘పారిస్–రూబే మిత్రులు’ అని ఒక స్వచ్ఛంద సంఘం ఉంది, వాళ్లే ఏడాది పొడవునా ఈ దారులు చూసుకుంటారు. రాళ్లు పెకలించి, కింద ఇసుక సరిచేసి, ఒక్కొక్క రాయీ చేత్తో మళ్లీ పేరుస్తారు. తోటపని బడి పిల్లలు కూడా వచ్చి పనిచేస్తారు. 2023లో ఆరెన్‌బర్గ్ రాళ్ల సందుల్లో గడ్డి పెరిగి జారుతోందని మేకల మందని తెచ్చి మేపించారు. గెలిచినవాళ్లకి ఇచ్చే ట్రోఫీ కూడా ఒక రాయే కదా, దిమ్మ మీద పెట్టిన ఒక్క రాయి.

బెజవాడ_పెడల్
అక్కా, క్షమించండి, నేను మగవాళ్లవే చూశాను. 2021 ఆడవాళ్లది నిన్న రాత్రి మొత్తం చూశా. చివరి రాళ్ల మీద ఆవిడ వెనక చక్రం రెండుసార్లు పక్కకి జారిపోయింది, అయినా కాళ్లు ఆపలేదు. మాటలు లేవు.

లాటరీ అన్నమాట వెనక్కి తీసుకుంటున్నా. కానీ సగమే. 2006లో హిన్‌కాపీ హ్యాండిల్ కింది గొట్టం విరిగి చేతిలోకి వచ్చేసింది, మనిషి పడిపోయాడు. అందులో అతను చేయగలిగింది ఏముంది? అదే రేసులో రైలు గేటు పడ్డాక దాటారని రెండు, మూడు, నాలుగు స్థానాల్లో వచ్చినవాళ్లని తీసేశారు, ఐదోవాడు బూనెన్ రెండోవాడైపోయాడు.

పాతటైరు
గేటు పడితే ఆగాలి తమ్ముడూ, అందులో అదృష్టం ఏమీ లేదు. హిన్‌కాపీది మాత్రం నువ్వన్నదే, అది దెబ్బే.

నన్ను అడిగితే అసలు చెడు అదృష్టం జనం వల్ల వచ్చేది. 2024లో ఒకావిడ వాన్ డెర్ పూల్ చక్రాల మీదికి టోపీ విసిరింది. 2025లో ఒకడు నిండు బాటిల్ విసిరితే సరిగ్గా ముఖానికి తగిలింది, తర్వాత వాడే పోలీసుల దగ్గరికి వెళ్లి లొంగిపోయాడు. రాయి ఎవరిమీదా పగ పెట్టుకోదు, మనుషులు అలా చేస్తే నాకు ఒళ్లు మండిపోతుంది. లీల్ అమ్మాయి గారూ, మీరు వెళ్తే దారికి దూరంగా నిలబడండి, ఎక్కడ నిలబడాలనుకుంటున్నారు?

లీల్_తెలుగమ్మాయి
అదే అడుగుదామనుకున్నా. ఆరెన్‌బర్గా, వెలోడ్రోమా?

ఆంట్వెర్ప్_నుంచి
మొదటిసారి అయితే వెలోడ్రోమ్ అంటాను. ఆరెన్‌బర్గ్‌లో పొద్దున్నుంచి కాచుకుంటే గుంపు మొత్తం రెండు మూడు నిమిషాల్లో వెళ్లిపోతుంది, అక్కణ్నుంచి చివరికి ఇంకా 95 కిలోమీటర్లు ఉంటుంది. వెలోడ్రోమ్‌లో పెద్ద తెర మీద రేసంతా చూస్తారు, తర్వాత ఆ మనిషే మన ముందు నుంచి ఒకటిన్నర చుట్టు తిరుగుతాడు. నాకు అన్నిటికన్నా నచ్చేది విజేత కాదు, అరగంట తర్వాత ఒక్కొక్కడే వచ్చేవాళ్లు. ముఖం నిండా మట్టి, ఏ జట్టో కూడా తెలియదు. జనం లేచి నిలబడి చప్పట్లు కొడతారు. పక్కనే పాత స్నానాల గదులు, ఒక్కో అరకి ఒక్కో విజేత పేరు ఇత్తడి పలక మీద ఉంటుంది.

ఇండియాలో చూసేవాళ్లకి, మనకీ వాళ్లకీ మూడున్నర గంటల తేడా, ముగింపు రాత్రి ఎనిమిది ప్రాంతాల్లో వస్తుంది. ఆరెన్‌బర్గ్ చూడాలంటే ఆరు లోపే కూర్చోండి.

గోదావరిఖని_రైడర్
చెల్లె, రేసు రోజు ఎక్కడైనా చూడు, వీలైతే ఒక మామూలు రోజు ఆరెన్‌బర్గ్ పోయి రా. అడవి మొదట్లో స్టాబ్లిన్‌స్కీ పేరుతో రాతి స్మారకం ఉందట, ఒక ఫోటో పెట్టు.

లీల్_తెలుగమ్మాయి
అన్నా, మొన్న బుధవారం వెళ్లాను. వాలన్సియెన్ దాకా రైల్లో వెళ్లి, అక్కణ్నుంచి క్లాస్‌మేట్ కారులో. ఫోటోలు నాలుగు పెట్టాను, కింద చూడండి.

స్మారకం అడవి మొదట్లోనే ఉంది. అక్కడ ఎవరూ లేరు, కుక్కతో నడిచే ఒక ముసలాయన తప్ప. దారి మొత్తం నడిచాను, ముప్పావుగంట పట్టింది, మడమలు పక్కకి తిరిగిపోతాయి, కిందికి చూడకుండా పది అడుగులు వేయలేం. రాయికీ రాయికీ మధ్య నా నాలుగు వేళ్లు పట్టే సందులున్నాయి. నీడ, నాచు, తడి, పక్కనే ఎండ కాస్తున్నా రాళ్లు ఆరలేదు. దీని మీద సైకిల్ తొక్కుతారంటే నేను చూడకపోతే నమ్మేదాన్ని కాదు.

బాయి మీద చక్రాలున్న ఇనుప టవర్లు మూడూ అలాగే ఉన్నాయి. ఆ ప్రాంతం బొగ్గు గనులన్నిటికీ కలిపి 2012లో యునెస్కో గుర్తింపు వచ్చింది, ఇవి కూడా అందులో ఉన్నాయి. నాలుగో ఫోటో మీ నాన్నగారి కోసం తీశాను.

గోదావరిఖని_రైడర్
చూపించాను చెల్లె. ఫోను చేతిలోకి తీసుకుని పెద్దది చేసి చాలాసేపు చూశాడు. పైన చక్రం చూసి తాడు ఏ వైపు నుంచి దిగేదో, మనుషుల్ని దించే కేజ్ ఎక్కడ ఆగేదో నాకు వేలుపెట్టి చూపించాడు. ఆ బాయి ఎంత లోతో అడుగుతున్నాడు. అక్కడ ఎక్కడైనా రాసి ఉందా?